డిగ్రీ చెయ్యాలా వద్దా: ఒక వారం కూర్చుని మీరే తేల్చుకునే పద్ధతి

"డిగ్రీ వల్ల నిజంగా ఉపయోగం ఉందా అన్నా?" అని ఎవరైనా అడిగితే నేను వెంటనే ఉందనో లేదనో చెప్పను, ఏ డిగ్రీ, ఏ పని కోసం అని తిరిగి అడుగుతా, ఎందుకంటే ఆ రెండూ తెలీకుండా చెప్పే జవాబు ఏదైనా చీకట్లో రాయి విసిరినట్టే. చదువు మంచిదా కాదా అన్నది వేరే ప్రశ్న, చదువు ఎప్పుడూ మంచిదే, అందులో నాకే డౌటూ లేదు. ఇక్కడ మాట్లాడేది కెరీర్ గురించి మాత్రమే, అంటే మూడేళ్ళో నాలుగేళ్ళో టైమూ డబ్బూ పెట్టి తెచ్చుకునే ఆ పట్టా మీరు చెయ్యాలనుకున్న పనికి మిమ్మల్ని దగ్గర చేస్తుందా లేదా అని. ఇది తేల్చుకోడానికి ఒక వారం చాలు, ఒక నోట్‌బుక్ కావాలి, కొంచెం మొహమాటం వదిలి నలుగురికి మెసేజ్ పెట్టాలి. నేను కొన్నేళ్ళుగా ఇంటర్వ్యూలు చేసే వైపు కూర్చుంటున్నా కాబట్టి అటు నుంచి ఎలా కనిపిస్తుందో కూడా చెప్తా.

ముందు ఒక సంగతి. మా టీంలో ఒక డేటా పోస్టుకి మనిషి కావాల్సి వచ్చింది. అంతకుముందు మా దగ్గరే మూడు నెలలు కాంట్రాక్ట్ మీద పనిచేసిన కుర్రాడు ఉన్నాడు, రిపోర్టులో లెక్క ఎక్కడ తేడా కొడుతోందో అందరికంటే ముందు పట్టేసేవాడు, డిగ్రీ మాత్రం లేదు. అప్లై చెయ్యమని నేనే చెప్పా, చేశాడు. వారం తర్వాత హెచ్ఆర్ నుంచి వచ్చిన లిస్టు తెరిస్తే అందులో అతని పేరు లేదు, మళ్ళీ పైనుంచి కిందదాకా వెతికా, లేదు. ఫోన్ చేస్తే అవతల ఆవిడ స్క్రీన్ చూసి "డిగ్రీ ఉందా అన్న దగ్గర లేదు అని పెట్టారండి, సిస్టమ్ అక్కడే ఆపేసింది" అంది. అంటే అతని రెజ్యూమె ఒక్క మనిషి కూడా తెరవలేదు. ఆ డిగ్రీ లైన్ ఎవరు పెట్టారా అని ఆరా తీస్తే, ఎప్పటిదో పాత జాబ్ డిస్క్రిప్షన్ కాపీ చేసి పెట్టారంట, ఎవరూ ఆలోచించి పెట్టింది కాదు. చివరికి పట్టుబట్టి అతని పేరు కలిపించి, ఇంటర్వ్యూ చేసి తీసుకున్నాం. తీరా ఆఫర్ లెటర్ దగ్గరికొచ్చేసరికి ఇంకోటి బయటపడింది, జీతాల గ్రేడ్ టేబుల్లో డిగ్రీ లేనివాళ్ళు ఒక మెట్టు కింద. పక్క సీట్లో ఉన్నవాళ్ళు చేసేదీ అదే పని, ఇతనికి మాత్రం ఒక మెట్టు తక్కువ. రెండేళ్ళ తర్వాత ప్రమోషన్ అప్పుడు మళ్ళీ అదే లైన్ అడ్డమొచ్చింది, ఆ ఏడాదే అతను మానేసి, డిగ్రీ అడగని చోట చేరి, ఇప్పుడు బాగా ఉన్నాడు.

అప్పట్నుంచి నేను "టాలెంట్ ఉంటే చాలు" అని ఎవరికీ చెప్పట్లేదు, "డిగ్రీ లేకపోతే ఇంతే సంగతులు" అని కూడా చెప్పట్లేదు. డిగ్రీ లేకపోవడం అడ్డుపడేది మూడు చోట్ల, లోపలికి రానిచ్చే దగ్గర, జీతం కట్టే దగ్గర, పైకి పంపే దగ్గర. మీరు చెయ్యాలనుకున్న పనిలో ఈ మూడింట్లో ఎక్కడెక్కడ అడ్డుందో కనుక్కోవాలి.

ఇంకొంచెం లోతుకెళ్తే, డిగ్రీ ఉన్నవాళ్ళకి జీతం ఎందుకు ఎక్కువ అనే దానికి ఎకనామిక్స్‌లో రెండు పెద్ద వాదనలున్నాయి. 1960ల్లో గ్యారీ బెకర్ లాంటివాళ్ళు చెప్పింది ఏంటంటే, చదువు మనిషి పనితనాన్ని పెంచుతుంది, మెషిన్ మీద పెట్టుబడి పెట్టినట్టు మనిషి మీద పెట్టుబడి, అందుకే జీతం పెరుగుతుంది అని. 1973లో మైకేల్ స్పెన్స్ ఇంకో కోణం చెప్పాడు, ఉద్యోగం ఇచ్చేవాడికి మీలో ఏముందో లోపలికి తొంగిచూసే దారి లేదు, కష్టమైన కోర్సు పట్టుదలగా పూర్తిచేశారంటే మీరు పనికొచ్చేవాళ్ళే అని ఒక గుర్తులా వాడుకుంటాడు, అక్కడ నేర్చుకున్నది పనిలో వాడకపోయినా సరే. ఇద్దరికీ నోబెల్ వచ్చింది, బెకర్‌కి 1992లో, స్పెన్స్‌కి 2001లో. నాకు ఇద్దరూ కరెక్టే అనిపిస్తుంది, పనిని బట్టి పాళ్ళు మారతాయి అంతే. ఇదెందుకు చెప్తున్నానంటే, మీ లైన్‌లో డిగ్రీ ఇచ్చేది ఎక్కువగా నైపుణ్యమే అయితే దాన్ని వేరే దారిలో సంపాదించే అవకాశం ఉండొచ్చు, ఎక్కువగా గుర్తే అయితే మీరు ఇంట్లో కూర్చుని ఎంత నేర్చుకున్నా ఆ గుర్తుకి బదులు ఇంకో గుర్తు చూపించగలిగితే తప్ప లాభం లేదు.

సరే, పనిలోకి వద్దాం.

మొదటి రోజు నోట్‌బుక్‌లో ఒక్క లైన్ రాయండి, ఇంకో ఐదేళ్ళకి నేను ఏ పని చేస్తూ ఉండాలి అని. "మంచి జాబ్" అని రాయొద్దు, "సాఫ్ట్‌వేర్" అని కూడా రాయొద్దు, పోస్టు పేరు రాయండి, టెస్టింగ్ ఇంజనీరా, ఫిజియోథెరపిస్టా, అకౌంటెంటా, స్ట్రక్చరల్ డిజైనరా అని. ఒకటి తేలకపోతే రెండు రాయండి, మూడు దాటొద్దు. ఇక్కడ ఏమీ రాయలేకపోతున్నారంటే మీ సమస్య డిగ్రీ కాదు, ఏ పని చెయ్యాలో ఇంకా తెలీకపోవడం, దానికి డిగ్రీలో చేరిపోవడం మందు కాదు. అలాంటప్పుడు వీలుంటే కొన్ని నెలలు ఏదో ఒక పనిలో చేరి చూడటం, లేదా మొదటి ఏడాది తర్వాత బ్రాంచ్ మార్చుకునే వీలున్న కోర్సు చూసుకోవడం నయం.

రెండో పని, మీరు రాసిన పోస్టు లైసెన్స్ కావాల్సినదా కాదా చూడండి. డాక్టర్, నర్సు, ఫార్మసిస్టు, ఆర్కిటెక్టు, లాయరు, స్కూల్ టీచరు, ఇవి చాలా దేశాల్లో చట్టం ప్రకారం రిజిస్ట్రేషనో అలాంటి అర్హతో ఉంటేనే చేసే పనులు, చాలాచోట్ల ఆ రిజిస్ట్రేషన్‌కి గుర్తింపు పొందిన చదువు తప్పనిసరి. వీటికి చర్చే లేదు, ఆ చదువు చెయ్యాల్సిందే. కానీ ఇక్కడ ఒక జాగ్రత్త, కోర్సుకి ఆ వృత్తి కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో ఫీజు కట్టకముందే కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోండి, కాలేజీ బ్రోషర్‌లో కాదు. ఇంజనీరింగ్ అయితే వాషింగ్టన్ అకార్డ్ అని ఒక ఒప్పందం ఉంది, 1989లో మొదలైంది, అందులో ఉన్న దేశాల సంస్థలు ఒకరు అక్రెడిట్ చేసిన ఇంజనీరింగ్ కోర్సుల్ని ఇంకొకరు సమానంగా చూస్తారు. అది కాలేజీ మొత్తానికి కాదు, కోర్సు కోర్సుకీ విడిగా ఇచ్చే గుర్తింపు, అందుకే అదే కాలేజీలో ఒక బ్రాంచికి ఉండి పక్క బ్రాంచికి లేకపోవచ్చు. చేరాక తెలుసుకుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

లైసెన్స్ లేని పనులైతే అసలు కష్టం ఇక్కడే, దీనికి రెండు మూడు రోజులు పెట్టండి. మీరు రాసిన పోస్టుకి వచ్చిన ఉద్యోగ ప్రకటనలు ముప్పై తెరవండి, నాలుగైదు చూసి ఆపేస్తే మనకి నచ్చినవే కనిపిస్తాయి కాబట్టి ముప్పై అంటున్నా. నోట్‌బుక్‌లో మూడు గళ్ళు గీయండి. "డిగ్రీ తప్పనిసరి" అని ఉంటే మొదటి గడిలో ఒక గీత, "డిగ్రీ లేదా దానికి సమానమైన అనుభవం" అని ఉంటే రెండో గడిలో, డిగ్రీ మాటే లేకపోతే మూడో గడిలో. ఆ తర్వాత ఇదే పని ఇంకో పది ప్రకటనలతో చెయ్యండి కానీ ఈసారి ఒక మెట్టు పై పోస్టులు చూడండి, లీడు, మేనేజరు, సీనియరు, ఎందుకంటే చాలామంది మొదటి ఉద్యోగం వరకే చూసి "అడగట్లేదుగా" అనుకుంటారు, ఆరేళ్ళ తర్వాత పైకి వెళ్ళే టైంకి అక్కడ అడుగుతారు. మా కుర్రాడికి జరిగింది అదే కదా.

గీతలు ఎలా చదవాలంటే, ముప్పైలో ఇరవైకి పైగా మొదటి గడిలో పడితే డిగ్రీ లేకుండా ఆ దారిలో వెళ్ళడం వాలుకి ఎదురీదటమే, అసాధ్యం కాదు, కానీ ప్రతి కొత్త ఉద్యోగానికీ మళ్ళీ మొదట్నించీ ఈదాలి. సగానికి పైగా మూడో గడిలో పడితే నాలుగేళ్ళు పెట్టే ముందు గట్టిగా ఆలోచించుకోవాలి. రెండో గడి ఎక్కువుంటే మోసపోకండి, "సమానమైన అనుభవం" అనే మాట ఫ్రెషర్‌కి పనికిరాదు, అది అప్పటికే నాలుగైదేళ్ళు పనిచేసినవాడికి పనికొచ్చే మాట, కాబట్టి ఆ మొదటి నాలుగైదేళ్ళ పని ఎక్కడ దొరుకుతుందో మీ దగ్గర జవాబు ఉండాలి.

"ఇప్పుడు పెద్ద పెద్ద కంపెనీలు డిగ్రీ అక్కర్లేదంటున్నాయి కదా" అని ఒక మాట బాగా తిరుగుతోంది. ప్రకటించింది నిజమే. కానీ 2024లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్, ఉద్యోగాల మార్కెట్ మీద పరిశోధన చేసే బర్నింగ్ గ్లాస్ ఇన్‌స్టిట్యూట్ కలిసి అమెరికా నియామకాల మీద ఒక రిపోర్టు ఇచ్చాయి, ప్రకటనల్లో డిగ్రీ లైన్ తీసేసిన మార్పు వల్ల నిజంగా లాభపడిన నియామకాలు 700కి ఒకటి కూడా లేవని తేలింది. కాగితం మీద లైన్ తీసేస్తారు, ఇంటర్వ్యూ చేసే మనిషి అలవాటు మాత్రం అలాగే ఉంటుంది. అందుకని ప్రకటనలో ఏముందో చూసి ఊరుకోకండి, ఆ టీంలో ఇప్పుడు పనిచేస్తున్నవాళ్ళ ప్రొఫైళ్ళు లింక్డిన్‌లో ఒక పదిహేను తెరిచి చూడండి, డిగ్రీ లేనివాళ్ళు ఎంతమంది కనిపిస్తారో అదే అసలు రూలు.

చేతిపని రంగాల గురించి చిన్నగా చెప్పి వదిలేస్తా, ఎలక్ట్రీషియన్, వెల్డర్, సీఎన్‌సీ మెషినిస్టు (కంప్యూటర్‌తో నడిచే మెషిన్ల మీద పనిచేసేవాడు) లాంటివాటికి యూనివర్సిటీ డిగ్రీ కాదు అప్రెంటిస్‌షిప్పే దారి, జర్మనీలో ఇలా గుర్తింపున్న శిక్షణ వృత్తులు 300కి పైగా ఉన్నాయి, వారంలో కొన్ని రోజులు వర్క్‌షాపు కొన్ని రోజులు స్కూలు, జీతం ఇస్తూనే నేర్పిస్తారు. స్విట్జర్లాండ్‌లో స్కూలు అయ్యాక దాదాపు మూడింట రెండు వంతుల పిల్లలు ఇలాంటి దారే పడతారు. దీన్ని తక్కువ దారి అనుకునేవాళ్ళ మాట పట్టించుకోవద్దు.

మూడో పని మనుషులతో మాట్లాడటం. ఎవరితో అన్నదే ముఖ్యం. ఆ కాలేజీ టాపర్ వద్దు, ఇరవై ఏళ్ళ కింద పాసైన పెద్దాయన కూడా వద్దు, ఆయన బయటికొచ్చిన మార్కెట్ వేరు. మీరు చేరాలనుకున్న అదే కోర్సు మూడు నుంచి ఐదేళ్ళ కింద పూర్తిచేసిన, మామూలు మార్కులతో బయటపడ్డ మనిషి కావాలి, అలాంటివాళ్ళు కనీసం నలుగురు. అలాగే అదే పని డిగ్రీ లేకుండా చేస్తున్నవాళ్ళు ఇద్దరు. "డిగ్రీ ఉపయోగపడిందా" అని అడగకండి, నాలుగేళ్ళు పెట్టినవాళ్ళు ఎవరూ లేదని చెప్పరు, మనసొప్పదు. ఇలా అడగండి: పాసయ్యాక మొదటి ఉద్యోగానికి ఎన్ని నెలలు పట్టింది, ఆ ఉద్యోగం క్యాంపస్ వల్ల వచ్చిందా మీరే వెతుక్కున్నారా, మీ బ్యాచ్‌లో ఎంతమంది ఇప్పుడు ఈ లైన్‌లో ఉన్నారు, పోయిన వారం చేసిన పనిలో క్లాసులో నేర్చుకున్నది ఏది వాడారు. ఈ చివరి ప్రశ్నకి ఎదుటివాళ్ళు ఎంతసేపు ఆలోచిస్తారో గమనించండి. ఇక డిగ్రీ లేనివాళ్ళని ఒకటే అడగండి, ఏ ఉద్యోగం ఇందువల్ల పోగొట్టుకున్నారు అని, వాళ్ళకి తేదీతో సహా గుర్తుంటుంది.

ఇప్పుడు లెక్క. దీన్ని డబ్బులో వెయ్యొద్దు, నెలల్లో వెయ్యండి, నాకు ఇదే బాగా పనిచేసింది. డిగ్రీ లేకుండా ఇప్పుడు మీకు దొరికే ఉద్యోగంలో చేతికొచ్చే ఒక నెల జీతాన్ని "ఒక నెల" అనుకోండి, ఇక అన్నీ దాంట్లోనే కొలవండి.

నాలుగేళ్ళ కోర్సు అనుకుందాం. ఫీజులూ పుస్తకాలూ కలిపి ఏడాదికి నాలుగు నెలల జీతమంత అవుతుందంటే మొత్తం 16. లోన్ తీసుకుంటే వడ్డీ ఒక 6. అందరూ మర్చిపోయేది తర్వాతది, ఆ నాలుగేళ్ళు మీరు పనిచేసి ఉంటే వచ్చే జీతం, 48. మొత్తం 70 నెలలు, అంటే ఈ డిగ్రీ ఖరీదు మీ 70 నెలల కష్టం. తిండి, అద్దె ఇందులో కలపొద్దు, చదివినా చదవకపోయినా అవి ఉండేవే. ఇక డిగ్రీ తర్వాత జీతం ఎంత ఎక్కువ ఉంటుందో మీరు మాట్లాడిన ఆ నలుగురి నుంచి తెలుస్తుంది. నెలకి అర నెల జీతమంత ఎక్కువ వస్తే 70ని అరతో భాగిస్తే 140 నెలలు, అంటే పెట్టింది తిరిగి రావడానికి 11 ఏళ్ళ 8 నెలలు. రెట్టింపు జీతం వస్తే 70 నెలల్లో, ఆరేళ్ళ లోపే వచ్చేస్తుంది. కానీ ఇక్కడే తప్పు చేస్తారు, పోల్చాల్సింది ఇవాళ్టి మీ జీతంతో కాదు, డిగ్రీ చెయ్యకుండా నాలుగేళ్ళు అనుభవం తెచ్చుకున్న ఇంకో మీ జీతంతో. ఆ ఇంకో మనిషికి కూడా జీతం పెరిగి తేడా నెల జీతంలో పదింట మూడు వంతులకి తగ్గితే 233 నెలలు, 19 ఏళ్ళు దాటుతుంది.

అటు వైపు కూడా న్యాయంగా చూడాలి. డిగ్రీ లేకుండా మీకు ఏడాది పొడవునా పని దొరుకుతుందన్న గ్యారంటీ లేకపోతే, సగం కాలం ఖాళీగా ఉండాల్సొచ్చే పరిస్థితైతే, పోగొట్టుకునే జీతం 48 కాదు 24, మొత్తం ఖర్చు 46కి పడిపోతుంది, అర నెల తేడాకే ఏడున్నరేళ్ళకి కాస్త పైన తిరిగొచ్చేస్తుంది. అంటే వేరే దారి ఎంత బలహీనంగా ఉంటే డిగ్రీ అంత గిట్టుబాటు. చాలామందికి డిగ్రీ లాభంగా తేలడానికి పెద్ద కారణం ఇదే అని నా నమ్మకం. దేశాలన్నీ కలిపి చూసిన లెక్కలు కూడా అటే చెప్తాయి, సాకరొపౌలొస్, పట్రినోస్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ప్రపంచమంతా జరిగిన అధ్యయనాలు పోగేసి 2018లో చూపించింది ఏంటంటే, ఒక్కో ఏడాది చదువుకి సంపాదన సగటున 9 శాతం దాకా పెరుగుతుందని. కాకపోతే సగటు మీ ఇంటికి రాదు, మీ కోర్సు మీ పోస్టు లెక్కే మీకు వర్తిస్తుంది. నా వరకు నేను పదేళ్ళ లోపు తిరిగొచ్చేదైతే ధైర్యంగా చేరమంటా, పదీ పదిహేను మధ్యైతే ఖర్చు తగ్గించే దారి వెతకమంటా, ఇరవై దగ్గరికి వస్తే జీతం కోసం మాత్రం ఆ కోర్సు చెయ్యొద్దంటా.

ఈ లెక్కంతా మీరు డిగ్రీ పూర్తిచేస్తారని నమ్మి వేసింది, అదే పెద్ద షరతు. ఓఈసీడీ అనే, ఎక్కువగా సంపన్న దేశాలుండే కూటమి 2019లో ఇచ్చిన లెక్కల్లో, వివరాలున్న దేశాల సగటున, ఫుల్‌టైం బ్యాచిలర్స్‌లో చేరినవాళ్ళలో కోర్సు గడువుకే పూర్తిచేసినవాళ్ళు 39 శాతం, ఇంకో మూడేళ్ళు కలిపి చూస్తే 67 శాతం. అంటే మూడింట ఒక వంతు మంది అప్పటికీ పట్టా లేకుండానే ఉన్నారు. మధ్యలో వదిలేస్తే ఏమవుతుందంటే ఖర్చు దాదాపు మొత్తం పడుతుంది, లాభం మాత్రం చదివిన ఏళ్ళకి తగ్గట్టు రాదు. దీనికి శీప్‌స్కిన్ ఎఫెక్ట్ అని పేరు, పాతకాలంలో పట్టాలు గొర్రె తోలు మీద రాసిచ్చేవాళ్ళు, అందులోంచి వచ్చింది. మూడేళ్ళు చదివి ఆపినవాడికీ నాలుగోది పూర్తిచేసినవాడికీ మధ్య జీతం తేడా ఒక్క ఏడాది చదువుకి తగ్గ తేడా కంటే ఎక్కువ ఉంటుంది, రెజ్యూమెల్ని ఆపేసే ఆ సిస్టమ్ ఫిల్టర్‌లో ఉన్న ప్రశ్న "ఎన్నేళ్ళు చదివారు" కాదు కదా, "పాసయ్యారా" అని.

అందుకే చేరే ముందు మిమ్మల్ని మీరు నిజాయితీగా అడగండి, ఆ వారం లెక్క చేరమనే తేల్చితే, ఇంకొంచెం టైం తీసుకుని ఆ కోర్సు రెండో ఏడాది సిలబస్ తెరిచి ఒక సబ్జెక్టు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికే లెక్చర్లతో రెండు వారాలు చదివి చూడండి. మొదటి ఏడాదిది వద్దు, అది అందరికీ కాస్త తేలిగ్గానే ఉంటుంది. రెండు వారాలకే పుస్తకం ముట్టుకోబుద్ధి కాకపోతే నాలుగేళ్ళు గాల్లో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నట్టు అవుతుంది.

కాలేజీ పేరు గురించి రెండు మాటలు, ఎందుకంటే దీని మీద ఇంట్లో గొడవలు ఎక్కువ. స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు 2002లో అమెరికా విద్యార్థుల మీద ఒక అధ్యయనం చేశారు, ఒకే రకం పెద్ద కాలేజీల్లో సీట్లొచ్చినా వెళ్ళకుండా అంతకంటే చిన్న కాలేజీకి వెళ్ళినవాళ్ళని, ఆ పెద్దవాటికి వెళ్ళినవాళ్ళతో పోల్చారు. తర్వాత సంపాదనలో పెద్దగా తేడా కనిపించలేదు. అంటే చాలావరకు ఆ పిల్లల్లో ఉన్న సత్తానే వాళ్ళని నడిపించింది. కానీ ఒక మినహాయింపు, డబ్బు లేని ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి పెద్ద కాలేజీ వల్ల లాభం కనిపించింది. నాకు ఇది అర్థమయ్యేదే, ఇంట్లో ఎవరికీ పరిచయాలు లేనప్పుడు ఆ పరిచయాలు దొరికే చోటు కాలేజీయే. మీది అలాంటి ఇల్లైతే మంచి కాలేజీ కోసం ఒక ఏడాది ఎక్కువ కష్టపడటం వృథా కాదు.

వేరే దేశంలో పనిచెయ్యాలన్న ఆలోచన కొంచెమైనా ఉంటే లెక్క మొత్తం మారిపోతుంది, ఎందుకంటే అక్కడ ఫిల్టర్ కంపెనీది కాదు, ప్రభుత్వానిది, మేనేజర్ జాలిపడి పేరు కలపడానికి వీల్లేదు. అమెరికా హెచ్-1బి వీసాకి బ్యాచిలర్స్ డిగ్రీ లేదా దానికి సమానమైనది కావాలి, సమానం అని చూపించడానికి సాధారణంగా మూడేళ్ళ అనుభవాన్ని ఒక ఏడాది చదువు కింద లెక్కేస్తారు, అంటే నాలుగేళ్ళ డిగ్రీకి బదులు పన్నెండేళ్ళు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో పనిచెయ్యడానికి ఇచ్చే బ్లూ కార్డ్‌కి 2021లో రూలు సడలించి, ఐటీ పనులకి ఆ పోస్టుకి తగ్గ స్థాయిలో మూడేళ్ళ అనుభవం ఉంటే డిగ్రీ లేకపోయినా చూస్తామన్నారు, ఆ మూడేళ్ళ సడలింపు ఐటీకే. ఈ ఒక్క కారణంతోనే డిగ్రీ చెయ్యడం నాకు తెలిసి సమంజసమే.

లెక్కలన్నీ వేశాక డిగ్రీ వద్దనే తేలిందనుకోండి, అప్పుడు "వద్దు" అన్నది ప్లాన్ కాదు, ఆ నాలుగేళ్ళూ ఏం చేస్తారో రాయాలి. డిగ్రీ ఇచ్చే గుర్తుకి బదులు మీరు ఇంకో గుర్తు తయారుచేసుకోవాలి, అది బయటివాడు ఐదు నిమిషాల్లో తెరిచి చూడగలిగేదై ఉండాలి. ఇంటర్వ్యూల్లో నేను చూసిన దాంట్లోంచి చెప్తున్నా, పది సర్టిఫికెట్ల పీడీఎఫ్‌లు పంపినవాళ్ళ కంటే "ఈ షాపు స్టాకు లెక్క చేత్తో రాసేవాళ్ళు, నేను ఈ షీట్ చేసిచ్చా, ఆర్నెల్లుగా వాడుతున్నారు, ఓనర్ నంబర్ ఇదిగో" అని చెప్పినవాళ్ళే గుర్తుండిపోయారు. ఎవరో ఒకరు నిజంగా వాడుతున్న పని ఒక్కటి చాలు, వీడియో చూసి చేసిన ప్రాజెక్టులు పది పెట్టినా ఆ బరువు రాదు. రెండోది, పోర్టల్‌లో అప్లై చేసి కూర్చోవద్దు, ఫిల్టర్ మీకు ఎదురుంది కాబట్టి మనిషి ద్వారానే వెళ్ళాలి, మీ పని చూసినవాళ్ళ రిఫరల్ అడగండి, చిన్న కంపెనీలతో మొదలుపెట్టండి, అక్కడ రెజ్యూమె తెరిచేది చాలావరకు మనిషే. ఆఫర్ వచ్చాక జీతం మాట్లాడేటప్పుడే అడగండి, "డిగ్రీ లేకపోవడం వల్ల గ్రేడ్‌లో గానీ ప్రమోషన్‌లో గానీ ఏమైనా అడ్డుందా" అని, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. మా కుర్రాడికి అప్పుడు ఈ ప్రశ్న చెప్పిచ్చి ఉండాల్సింది నేను, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. డిగ్రీ వదిలేసి గొప్పవాళ్ళయినవాళ్ళ కథలు మాత్రం ఆధారంగా పెట్టుకోకండి, బిల్ గేట్స్ 1975లో హార్వర్డ్ నుంచి బయటికొచ్చేసరికే చేతిలో కొనే కస్టమర్ ఉన్న ప్రొడక్టు ఉంది, మానేశాక వెతుక్కున్నది కాదు.

అన్నిటికీ అటూ ఇటూ కాకుండా మధ్యలో ఒక దారి ఉంది, ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో డిగ్రీ. లెక్కలో ఆ 48 అనే అంకె దాదాపు ఎగిరిపోతుంది కాబట్టి కాగితం మీద ఇదే అన్నిటికంటే చవక. బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ 1969లో మొదలైంది ఇలాంటివాళ్ళ కోసమే. కష్టమల్లా పూర్తిచెయ్యడం, పని నుంచి అలిసిపోయి వచ్చాక రాత్రి పుస్తకం తెరవడం అందరివల్లా కాదు, కాబట్టి చేరేటప్పుడే సెమిస్టర్‌కి రెండు సబ్జెక్టులకి మించి పెట్టుకోకండి, పూర్తవడానికి ఆరేడేళ్ళు పట్టినా పర్లేదు. ఫిల్టర్ దాటడానికి, ప్రమోషన్‌కి, వీసాకి అయితే చాలావరకు ఇది సరిపోతుంది, క్యాంపస్ నుంచి వచ్చే మొదటి ఉద్యోగం కావాలంటే మాత్రం సరిపోదు.

చివరిగా ఇప్పటికే సగంలో ఉన్నవాళ్ళకి. మానెయ్యాలా అని ఆలోచిస్తుంటే పైన వేసిన లెక్కే వెయ్యండి కానీ అయిపోయిన ఖర్చు వదిలెయ్యండి, అది ఎలాగూ తిరిగి రాదు, మిగిలిన నెలలు ఎన్ని, మిగిలిన ఫీజు ఎంత, అవే రాయండి. మొదటి ఏడాదిలో ఉండి కోర్సు అస్సలు పడట్లేదంటే త్వరగా మారడమే మంచిది. ఆఖరి ఏడాదిలో ఉంటే దాదాపు ఎప్పుడూ పూర్తి చెయ్యమనే చెప్తా, ఆ చివరి కొన్ని నెలలకి వచ్చే లాభం అన్ని నెలల చదువుకి తగ్గదాని కంటే ఎక్కువ. నాతో పనిచేసిన ఒక అమ్మాయి రెండు పేపర్లు మిగిలిపోయి ఉద్యోగంలో చేరిపోయింది, ఆరేళ్ళుగా ప్రతి ఫారంలో "డిగ్రీ: పూర్తి కాలేదు" అని రాస్తూనే ఉంది. ఇంక కుదరదేమో అనుకునేది. చాలా యూనివర్సిటీల్లో కోర్సు పూర్తిచెయ్యడానికి గరిష్ఠ గడువు ఒకటి ఉంటుంది, అదెంతో ఆమె ఎప్పుడూ కనుక్కోలేదు. ఒకరోజు లంచ్ టైంలో పక్కనే కూర్చుని ఎగ్జామినేషన్ సెక్షన్‌కి ఈమెయిల్ రాయించా, నాలుగు లైన్లు: రోల్ నంబరు, చేరిన ఏడాది, మిగిలిన పేపర్ల కోడ్‌లు, ఇప్పుడు పరీక్ష రాయడానికి వీలుందా, సిలబస్ మారితే బదులు ఏ పేపరు రాయాలి. మూడో రోజు జవాబు వచ్చింది, గడువు ఇంకా పద్నాలుగు నెలలుంది. ఒక పేపరు పాసైంది, రెండోది వచ్చే నెలలో రాస్తోంది, నిన్న సాయంత్రం చూస్తే మీటింగ్ రూంలో ఒక్కతే కూర్చుని పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని లెక్కలు చేసుకుంటోంది.